హంసపాదు

తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేకపోవడం నాకున్న జబ్బు. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. వ్యాసాలు, లేఖలు, వ్యాకరణం. ఇన్నేళ్ళలో మెట్రో పిల్లర్లకు అంటించిన పోస్టర్లు, కర్రీ పాయింట్ల బోర్డులు, పెళ్ళి శుభలేఖలు, ఏవీ నా కంటి నుంచి తప్పించుకోలేదు. 'ఇచ్చట టిఫిన్లు లబించును' అన్న బోర్డు కింద కూచుని ఇడ్లీ తింటే నాకు అరగదు. "నీకు దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఆయన దీవెనలో ఒత్తులు సరిచూస్తావు" అంటాడు మా ఆయన. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నా బుద్ధి నాతో పోతే బాగుండేది. అది ఇంకో మనిషిని పట్టుకుంది.

మాది కృష్ణా జిల్లా. కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్టుకు కూతవేటు దూరంలో ఫ్లాటు కొనుక్కున్నాం. మార్కెట్టు ఉన్నన్నాళ్ళూ మామిళ్ళ సీజన్లో పండు వాసన మా బాల్కనీ దాకా వచ్చేది, లారీల హారన్లకు నిద్ర ఉండేది కాదు. దాన్ని ఊరి బయటికి తరలించినప్పుడు మా అపార్ట్‌మెంటు వాళ్ళందరం హమ్మయ్య అనుకున్నాం. మా గల్లీ చివరి బస్తీలో ఒక్కరూ అలా అనుకోలేదు. అక్కడి మగవాళ్ళలో చాలామంది మార్కెట్టు హమాలీలు. నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ, మసీదు వెనక గల్లీ ముస్లింలూ భుజం భుజం కలిపి పెట్టెలు మోసినవాళ్ళు. పని దూరం పోయేసరికి కొందరు దాని వెంట పోయారు. కొందరు తోపుడు బండ్లు పెట్టుకున్నారు. కుర్రాళ్ళు టీ కొట్టు ముందు ఫోన్లలో తలలు దూర్చి కూచున్నారు. ఆ ఫోన్లలో ఏం వస్తోందో తర్వాత తెలిసింది. ఇటువాళ్ళకు అటువాళ్ళను నరకమని, అటువాళ్ళకు ఇటువాళ్ళను నరకమని.

ఇలాంటి మాటలకు మా దగ్గర జనం తొందరగా ఉలిక్కిపడతారు. బాంబులు చూసిన రోడ్డు మాది. అందుకే పోలీసులు శాంతి కమిటీ వేశారు. గుడి పెద్దలు, మసీదు పెద్దలు, కాలనీ సంఘం వాళ్ళు, బండ్ల వాళ్ళ తరఫున ఒకరు, కుర్రాళ్ళ తరఫున ఒకరు. ఒక ఆడమనిషి కూడా ఉండాలన్నారట, నన్ను పిలిచారు. మొదటి రోజే కమ్యూనిటీ హాలు గోడకు కట్టిన ఫ్లెక్సీ మీద 'శాంతి సమావేషం' అని కనిపించింది. సంచిలోంచి మార్కర్ తీసి 'ష' కొట్టేసి 'శ' రాశాను. దాంతో నా ఉద్యోగం ఖాయమైపోయింది. మినిట్స్ పుస్తకం మేడమే రాస్తారన్నారు. అంతమంది మగవాళ్ళ మధ్య ఉన్న ఒక్క ఆడదాని చేతికి కలం ఇచ్చి నోరు మూయించడమని నాకు కోపం రావలసింది. కానీ నాకు గర్వం వచ్చింది.

ఎర్ర గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం అది. నమాజు వేళ డప్పులు ఆపుతామని గుడివాళ్ళు ఒప్పుకోవడం, ఊరేగింపు రోజున మసీదు సందులో వాహనాలు పెట్టబోమని మసీదువాళ్ళు ఒప్పుకోవడం, అన్నీ నా చేతిరాతలో అందులో ఉంటాయి. చివర అందరూ సంతకాలు చేస్తారు. ఎప్పుడు ఎక్కడ మాట తేడా వచ్చినా "బుక్కు తియ్యండ్రి" అంటారు. నా రాతకు అంత విలువ ఇచ్చినవాళ్ళు నా జీవితంలో అంతకుముందు లేరు.

అదే హాల్లో ఆదివారాలు ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పనిలేని కుర్రాళ్ళకు ఫ్రిజ్, ఏసీ రిపేరు నేర్పేవారు. చేతికి పని దొరికితే ఆ చెయ్యి రాయి ఎత్తదని వాళ్ళ నమ్మకం. ఉద్యోగానికి దరఖాస్తు రాయడం నేర్పమంటే వాళ్ళకు గంటసేపు నేను కూడా క్లాసు చెప్పేదాన్ని. ఆ క్లాసులోనే అతన్ని దగ్గరగా చూశాను.

మా గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ కొడుకతను. ఇరవై ఆరేళ్ళుంటాయి. మార్కెట్టు పోయాక ఎవరిదో ట్రాలీ ఆటో నడిపేవాడు. మా పరిచయం పోట్లాటతో మొదలైంది. ట్రాలీ మా గేటుకు అడ్డంగా పెడితే కేకలేశాను. "అయిదు నిమిషాల్ల తీస్త మేడం, గేటేమన్న ఉరుకుతదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పెద్ద గడ్డం, పెద్ద గొంతు, మెడలో నల్ల తాళ్ళు, వినాయకుడి ఊరేగింపులో అందరికంటే ముందు అతనే. నిజం చెప్పొద్దూ, అతనంటే నాకు కాస్త భయం ఉండేది. కాస్తే. ఇదంతా ఆ కాస్త భయం మీదే నిలబడి ఉంది.

క్లాసులో అతను రాసిన మొదటి దరఖాస్తులో అసలు మాటే లేదు. 'దయచేసి నాకు ఇప్పించగలరు' అని రాశాడు. ఉద్యోగం అన్న మాట పడిపోయింది. కాగితం నలిపేయబోతుంటే ఆపాను. "చించెయ్యక్కర్లేదు నాయనా. మాట ఎక్కడ పడిపోయిందో అక్కడ గీత కింద ఈ గుర్తు పెట్టి, పడిపోయిన మాట పైన రాయి. దీన్ని హంసపాదు అంటారు" అని పెట్టి చూపించాను.

"హంస కాలా మేడం గిది? కాకి కాలు లెక్కున్నది గద!"

క్లాసంతా నవ్వింది, నేను కూడా నవ్వాను. ఆ తర్వాత ఆ గుర్తు మీద మోజుతో మాటలు కావాలనే వదిలేసి, హంసపాదులు పెట్టి, పైన రాసి తెచ్చేవాడు. సున్నాలు, ఒత్తులు మాత్రం ఇష్టారాజ్యం. ఏసీ పని బాగా వస్తోందని, ఇంకో రెండు నెలల్లో సర్టిఫికెట్టు ఇస్తామని సంస్థవాళ్ళు చెప్పారు. సర్టిఫికెట్టు వస్తే ఎల్బీనగర్‌లో ఒక షోరూముకు రమ్మన్నారని వాళ్ళమ్మ నా చీరలు మడత పెడుతూ మురిసిపోయింది.

నిమజ్జనానికి ముందు కమిటీ సమావేశం జరిగింది. ఊరేగింపు దారిలో మసీదు సందు మొగలో పండ్ల బండ్లుంటాయి. అంతకుముందు ఏడాది ఎవరో ఆ బండ్లవాళ్ళను బూతులు తిట్టి పోయారు. బండ్ల తరఫున వచ్చిన మసీదు గల్లీ ముసలాయన ఒకప్పుడు మార్కెట్టులో హమాలీల మేస్త్రీ. ఈ కుర్రాడికి పెట్టె భుజానికెత్తడం నేర్పింది ఆయనే. ఆయన వెనక కుర్చీలోంచి లేచి, "ఆ రోజు బండ్లు తీసెయ్యాల్నా సాబ్? ఏడాదిల గా దినమే జర గిరాకీ అయితది" అని అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పేలోపే, కుర్రాళ్ళ తరఫున కమిటీలో ఉన్న మన ట్రాలీ కుర్రాడు లేచాడు. "ఎందుకు తీసుడు? బండ్లోల్లను మేం సూస్కుంటం సార్. మీరు పరేషాన్ గాకుండ్రి."

ముసలాయన తలూపి కూచున్నాడు. టీ వచ్చింది, జనరేటర్ ఎవరు తేవాలన్న దాని మీదికి మాట పోయింది. బండ్లు ఉండనివ్వడానికి అందరూ ఒప్పుకున్నారని, దాని కింద 'బండ్లవారిని మేము చూసుకుంటామని యువకుల తరఫున ఒకరు చెప్పారు' అని నేను పుస్తకంలో రాసుకున్నాను.

ఆ సాయంత్రం పుస్తకం ఇంటికి తెచ్చుకుని ఒకసారి సరిచూశాను. అలా చూడమని నన్నెవరూ అడగలేదు. ఆ వాక్యం దగ్గర కలం ఆగింది. 'బండ్లవారిని చూసుకుంటాం' అంటే పసిపిల్లల్ని చూసుకున్నట్టు లేదూ? ఏదో మాట పడిపోయినట్టు అనిపించింది. 'ని' కొట్టేసి, హంసపాదు పెట్టి, పైన 'సంగతి' అని రాశాను. బండ్లవారి సంగతి మేము చూసుకుంటాం. ఇప్పుడు వాక్యం వాక్యంలా ఉందనుకున్నాను. 'ఒకరు' అన్నది అస్పష్టంగా ఉందని అది కొట్టేసి అతని పేరు, తండ్రి పేరు రాశాను. మర్నాడు పుస్తకం తిరిగితే అందరూ చదవకుండానే సంతకాలు పెట్టారు.

పెళ్ళి సంగతి మేం చూసుకుంటాం అంటే భరోసా. నీ సంగతి చూసుకుంటాం అంటే బెదిరింపు. ఈ తేడా నేను క్లాసులో పాఠంగా చెప్పేదాన్నే. మరి ఆ సాయంత్రం నాకు ఎందుకు తట్టలేదు? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. అదే మాట మా కాలనీ సంఘం అధ్యక్షుడు లేచి అని ఉంటే నేను హంసపాదు పెట్టేదాన్ని కాదు. అతని గడ్డం, అతని గొంతు, గేటు దగ్గర ఆ నవ్వు, అన్నీ కలిసి నా చేత ఆ మాట రాయించాయి. నేను దిద్దింది తెలుగు కాదు, అతన్ని.

నిమజ్జనం రోజు రెండు బండ్లు బోర్లా పడ్డాయి. దానిమ్మలు, ఆపిళ్ళు రోడ్డంతా దొర్లి జనం కాళ్ళ కింద నలిగాయి. ఎవరు తోశారో ఇప్పటికీ తెలియదు. అతను మాత్రం మిగతా బండ్ల ముందు చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. చొక్కా చిరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. "వాడు అడ్డం నిలవడకుంటె నా బండి గూడ పోతుండె" అని ముసలాయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. ఆ వారంలోనే ఇన్‌స్పెక్టర్ బదిలీ అయ్యి కొత్తాయన వచ్చాడు. బండ్లు తోసిందెవరో తేల్చమని పైనుంచి ఒత్తిడి. కొత్తాయన కమిటీ పుస్తకం తెరిచాడు.

రెండు రోజుల తర్వాత క్లాసుకు బయల్దేరుతుంటే గేటు దగ్గర ఇస్త్రీ ఆవిడ ఎదురొచ్చింది. చేతిలో మడతలు పెట్టిన కాగితం ఉంది.

"మేడం, జర గీ కాయితం సదివి చెప్పుండ్రి. మావోన్ని పొద్దుగాల స్టేషన్‌కు తోల్కవోయిండ్రు."

బండి మీద బొగ్గుల పెట్టె కింద నా చీరే ఉంది. కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను. శాంతిభద్రతలకు భంగం కలిగించే అవకాశం ఉన్నందున తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తున్నామని, అంటే ఏడాదిపాటు బుద్ధిగా ఉంటానని పూచీకత్తు రాసివ్వాలని ఉంది. ఎందుకంటే, 'బండ్లవారి సంగతి మేము చూసుకుంటాం' అని సదరు వ్యక్తి బహిరంగముగా బెదిరించినట్లు మినిట్స్ పుస్తకము ద్వారా తెలియుచున్నది.

"గా మాట మల్లొక్కపారి సదువుండ్రి" అంది ఆవిడ.

చదివాను. నా వాక్యం నేనే పైకి చదివాను.

ఆవిడ అడ్డంగా తలూపింది. "మావోడు గట్లనలే మేడం. వానికి కోపమొస్తె 'నీ కత జెప్త' అంటడు. చిన్నప్పటిసంది గంతే. సంగతి గింగతి వాని నోట్లకెల్లి రాదు. గిది ఎవరో సదువుకున్నోల్ల మాట."

అక్షరం ముక్క రాని మనిషి, ఒక్కసారి విని, ఏ మాట ఎవరిదో చెప్పేసింది. నేనేమో ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పాను.

"ఎవరు రాసిండ్రో మీకెరికేనా మేడం? మీరు గా కమిటీల ఉన్నరు గద."

"తెలీదమ్మా" అన్నాను.

ఆ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి స్టేషన్‌కు వెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి టీ తెప్పించాడు. అతను ఆ మాట అనలేదని, అది నేను చేర్చిన మాటని చెప్పాను. చెబుతుంటే నా చెవులు కాలిపోయాయి. ఆయన పుస్తకం తెప్పించి ఆ పేజీ నా వైపు తిప్పాడు.

"ఇక్కడ చూడండి మేడం. ముందు ఒకటి రాసిన్రు. కొట్టేసిన్రు. మళ్ళ ఈ గుర్తు పెట్టి ఈ మాట రాసిన్రు. అంటే మంచిగ ఆలోచించి కరెక్ట్ చేసినట్లే గద? ఎవరు చూసినా ఇదే అంటరు."

"అది నా అలవాటండీ. అతని తప్పు కాదు" అన్నాను.

"సరే. తప్పు రాసిన అని లెటర్ ఇయ్యండి, పైకి పంపిస్త. గని ఒక్క ముచ్చట." పేజీలు వెనక్కి తిప్పాడు. "నమాజు టైముల డప్పులు ఆపుతమని గుడోల్లు ఒప్పుకున్నది ఎవరి రాతల ఉంది? మీ రాతలనే. సందు మొగల బండ్లు పెట్టుకోనిస్తమన్నది? అది గూడ మీ రాతలనే. ఒక్క లైను తప్పని మీరే అంటె, రేపు ఎవడన్న లేచి 'బుక్కంత మేడం కల్పించి రాసింది, మేం ఏం ఒప్పుకోలే' అంటడు. అప్పుడు గా బండ్లోల్లు ఏం గావాలె?"

ఆయన నన్ను బెదిరించి ఉంటే తిరగబడేదాన్ని. ఆయన చెప్పింది నిజం కావడమే నా ఖర్మ. బండ్లు తీసేయాలని వాదించేవాళ్ళు అప్పటికే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆ పుస్తకం తప్ప వాళ్ళ నోరు మూయించేది ఇంకేమీ లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని సామెత చెప్పి దానికి సందర్భం రాయమని పిల్లలకు పరీక్ష పెట్టేదాన్ని. ఇప్పుడు సందర్భం నేనే. టీ తాగకుండా లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి లెటర్ రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను. ఒక్క తప్పు లేకుండా వచ్చాక మడిచి సంచిలో పెట్టుకున్నాను. అది ఆ సంచిలోనే ఉండిపోయింది. రోజూ రైతు బజారుకు, క్లాసుకు, మెట్రోలోకి నాతో వచ్చేది. మా ఆయనకు చెబితే "ఇచ్చెయ్యి" అన్నాడు. మర్నాడు సందు మొగలో బండ్లను చూసి "ఆగు" అన్నాడు.

అతన్ని బైండోవర్ చేశారు. ఇక పండగ వస్తే చాలు, పొద్దున్నే పిలిచి సాయంత్రం దాకా స్టేషన్ బెంచీ మీద కూచోబెట్టేవారు. రంజానైనా అంతే, హనుమాన్ జయంతైనా అంతే, పెద్ద నాయకుడెవరైనా ఈ దారిన వెళ్ళినా అంతే. చెప్పకుండా పనికి ఎగనామం పెడుతున్నాడని ట్రాలీ ఓనరు తాళం తీసేసుకున్నాడు. స్వచ్ఛంద సంస్థ వాళ్ళు కేసు ఉన్నవాళ్ళను ఉంచుకోవడం తమ నిబంధనలకు విరుద్ధమని జాబితాలోంచి పేరు తీసేశారు. నేను వెళ్ళి ఆ సమన్వయకర్తతో పోట్లాడాను. కుర్రాళ్ళు పెడదారి పట్టకుండా ఆపడానికి పెట్టిన శిక్షణ కదా ఇది, పెడదారి పట్టాడని అనుమానం వచ్చినవాణ్ణే బయటికి తోస్తే ఎలా అని అడిగాను. ఆవిడ పాపం బాధపడింది. నిధులిచ్చేవాళ్ళు ఒప్పుకోరంది. పోలీసుల దగ్గర కాగితం తెస్తే చూస్తానంది. ఆ కాగితం రావడానికి నేను ఇవ్వాల్సిన లెటర్ నా సంచిలో ఉంది.

అప్పుడు వచ్చారు వాళ్ళు. ఎల్బీనగర్ వైపు నుంచి జీపులో వచ్చేవారు. టీ కొట్టు కుర్రాళ్ళ ఫోన్లలోకి నరకడాలూ తగలబెట్టడాలూ పంపేది వాళ్ళేనని బస్తీలో అందరికీ తెలుసు. మూడోసారి స్టేషన్‌లో కూచోబెట్టినప్పుడు వాళ్ళు లాయర్ను తెచ్చి అతన్ని బయటికి తీసుకొచ్చారు. మెడలో దండ వేశారు. బండ్లు బోర్లేసిన మొగోడంటే వీడేరా అని గల్లీలో తిప్పారు. అతను చేయని పనికి మెచ్చుకున్నారు.

"మొదాల్ల కాదన్నడు మేడం" అని వాళ్ళమ్మ చెప్పింది. "నేను తొయ్యలే, ఆపిన అన్నడు. ఇప్పుడేమంటలేడు. ఎందుకురా అంటె, 'కాదంటె ఈల్లు గూడ ఇడిసిపెడ్తరు గదనే అమ్మా' అంటున్నడు."

ముసలాయన బండి ముందునుంచి పోయేటప్పుడు ఇదివరకు అతను చెయ్యి చాపి ఒక జామకాయ తీసుకునేవాడు. ఇప్పుడు రోడ్డు అవతలి పక్కనుంచి పోవడం మొదలుపెట్టాడు. ముసలాయన మాత్రం "బేటా" అని పిలుస్తూనే ఉండేవాడు.

మా అపార్ట్‌మెంటుకు ఒక్కటే గేటు. పొద్దున పోతూ, సాయంత్రం వస్తూ ఇస్త్రీ బండి ముందునుంచే నడవాలి. "మేడం, ఏమన్న అయితదా?" అని ఆవిడ అడుగుతుంది. "ప్రయత్నిస్తున్నానమ్మా" అంటాను. పదేపదే అదే మాట. తప్పించుకోవడానికి కొన్నాళ్ళు సెల్లార్ ర్యాంపు మీదుగా బయటికి పోయాను. యాభై దాటిన దాన్ని, కార్ల మధ్య నుంచి దొంగలా నక్కి నక్కి. కానీ పొద్దున్నే తలుపు ముందు పెట్టి ఉండేవి ఆవిడ మడతపెట్టిన నా బట్టలు, ఒక్క ముడత లేకుండా. ఎంతోసేపు వాటిని లోపలికి తీసుకోలేక గుమ్మంలో నిలబడేదాన్ని.

మళ్ళీ వినాయక చవితి దగ్గర పడింది. గల్లీలో మండపానికి కర్రలు పాతారు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇస్త్రీ బండి దగ్గర అతనొక్కడే కూచుని ఉన్నాడు. వాళ్ళమ్మ బట్టల మూట ఇవ్వడానికి పై అంతస్తుకు వెళ్ళింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలిసిపోయింది. సంచిలోంచి లెటర్ తీసి ఇచ్చాను.

"ఆ మాట నువ్వు అనలేదు. నేను రాశాను. సంగతి అన్న మాట నాది."

అతను లెటర్ విప్పలేదు. "ఎరికే మేడం" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"మొదటి రోజే స్టేషన్ల బుక్కు సూపెట్టిండ్రు. హంసపాదు ఉండె గద. మా బస్తీల గది ఏసేటోల్లు ఇద్దరమే. నేను ఎయ్యలే."

ఏడాది పొడుగునా తెలుసు. ఏడాది పొడుగునా గేటు దగ్గర నమస్తే పెట్టాడు. "మీ అమ్మకు?" అన్నాను.

"చెప్పలే. దినాం మీ బట్టలు పట్టుకుంటది. తెలిస్తె చెయ్యి కాల్చుకుంటది."

ఏడ్చేశాను. అతను అటు తిరిగి కూచున్నాడు. కళ్ళు తుడుచుకుని అన్నాను: "ఈసారి మీటింగుకు రా నాయనా. అప్పుడు ఏమన్నావో అదే మళ్ళీ అందరి ముందు అను. అన్నది అన్నట్టే రాస్తాను. ఒక్క అక్షరం ముట్టుకోను. ఈ లెటర్ కూడా ఆ రోజే ఇస్తాను."

లెటర్ తిరిగి నా చేతిలో పెట్టాడు. "సూస్త మేడం" అన్నాడు.

ఆ మాటకు కూడా రెండర్థాలున్నాయని ఇంటికొచ్చాక తట్టింది.

సమావేశానికి అతను వచ్చాడు. వస్తాడని నాకు నమ్మకం లేదు. జీపులో తిరిగేవాళ్ళు ఇద్దరు తలుపు దగ్గర నిలబడ్డారు. ముసలాయన మోకాలి మీద టోపీ పెట్టుకుని అతన్నే చూస్తున్నాడు. ఆ రోజు మొదటి విషయమే బండ్లు. బండ్లు అసలే వద్దని కొందరు లేచారు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తెరిచి, "నిరుడు ఒప్పుకున్నది ఇక్కడ రాసి ఉంది, మీ సంతకాలున్నయి" అన్నాడు. వాళ్ళు కూచున్నారు. సంచిలో లెటర్ మీద ఉన్న నా చెయ్యి అలాగే బయటికొచ్చింది. లెటర్ రాలేదు. అది ఇవ్వాల్సిన క్షణం అదేనని నాకు తెలుసు. పిరికిదాన్నని కూడా తెలుసు.

"బండ్లు ఉంటయి సరే. నిరుటి లెక్క కాకుండ ఎవరు చూస్తరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అతను లేచాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు.

"బండ్లోల్లను మేం సూస్కుంటం సార్."

అదే మాట. అక్షరం తేడా లేదు. నా కళ్ళ ముందు వరుసలు అలుక్కుపోయాయి. కలం గట్టిగా పట్టుకుని, 'బండ్లవారిని మేము చూసుకుంటాం' అని రాశాను. ఆగాను. చుక్క పెట్టాను. ఇంకేమీ ముట్టుకోలేదు. ఏడాది తర్వాత ఆ రోజు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. లెటర్ మర్నాడు ఇస్తాను, శిక్షణవాళ్ళ దగ్గరికి నేనే వెంటబెట్టుకుని వెళ్తాను, ఇంకా ఏమీ మించిపోలేదు అనుకున్నాను.

పుస్తకం సంతకాలకు తిరిగింది. ఎప్పటిలాగే ఎవరూ చదవలేదు. అతని దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్కడ ఆగింది. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. సంతకానికి ముందు చదివిన మనిషి మా కమిటీలో అతనొక్కడే. నాకు సంతోషం వేసింది, నా విద్యార్థి కదా అని. చాలాసేపు వంగి రాశాడు. తర్వాత పుస్తకం ముసలాయన ఒళ్ళో పెట్టాడు. "చదివినవు గద బేటా, చాలు" అని ఆయన ఉర్దూలో తన పేరు రాశాడు. పుస్తకం చివరికి నా దగ్గరికి వచ్చింది. తలెత్తేసరికి అతను తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళతో కలిసి మెట్లు దిగిపోతున్నాడు.

నా వాక్యం దగ్గర 'ని' కొట్టేసి ఉంది. కింద హంసపాదు. పైన 'సంగతి'. ఒక్క అక్షర దోషం లేదు.